రాత్రి పూట అక్కడ ఎవరుంటారు? కుక్కల బోర్డింగ్ కేంద్రాల గురించి బరంపురం నుంచి బహిరంగ లేఖ

గంజాం జిల్లా కలెక్టర్ గారికి,
బరంపురం నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,
జిల్లా ముఖ్య పశువైద్యాధికారి గారికి,
ఒడిశా రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వారికి,

నమస్కారం.

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో కుక్కల వైద్యం, శిక్షణ, సంరక్షణ పనుల్లో ఉన్న తెలుగువాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. మాలో బోర్డింగ్ నడిపేవాళ్లూ ఉన్నారు. అందుకని దీన్ని ఎవరి మీదో ఫిర్యాదుగా చూడకండి. మమ్మల్ని కూడా తనిఖీ చేయమనే అడుగుతున్నాం.

ఒకప్పుడు ఊరెళ్లేటప్పుడు కుక్కను పక్కింటివాళ్లకు అప్పజెప్పేవాళ్లు. ఇప్పుడు అపార్టుమెంటులో పక్కింటివాళ్లు కూడా అదే రైలెక్కుతున్నారు. దసరాకు విజయనగరం, వేసవి సెలవులకు హైదరాబాదు, పెళ్లిళ్లకు విశాఖ. ఇంటిల్లిపాదీ వెళ్లిపోతే కుక్క మాత్రం రోజుకింత అని డబ్బు కట్టిన చోట ఉంటుంది. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కూడా తెచ్చి బరంపురంలో వదులుతున్నారు. ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల కోసం పగటిపూట డే కేర్లూ మొదలయ్యాయి. కొన్ని పద్ధతిగా నడుస్తున్నాయి. కొన్నిటికి బోర్డు మీద రిసార్టు అని ఉంటుంది, లోపలికి వెళ్తే మేడ మీద రేకుల షెడ్డు, అందులో వరసగా ఇనుప బోనులు, మూలన ఒక కుళాయి.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం, ఎందుకంటే "నిబంధనలే లేవు" అనే మాట సగమే నిజం. కుక్కల పెంపకం, విక్రయం మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనలు బ్రీడర్ (కుక్కలను ఈనించి అమ్మేవాళ్లు) అన్న నిర్వచనంలోనే బోర్డింగ్ కెన్నెల్ నడిపేవాళ్లనూ కలిపాయి. అంటే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావలసిన వాళ్లలో వీళ్లూ ఉన్నారు. అయితే ఆ నిబంధనల్లో తక్కినదంతా దాదాపు ఈనే కుక్కల గురించి, పిల్లల వయసు గురించి, అమ్మకం గురించి. పది ఇళ్ల నుంచి వచ్చిన పది కుక్కలను ఒకే కప్పు కింద ఒక రాత్రి ఉంచితే ఏం చూడాలో అక్కడ దొరకదు. 2018 పెట్ షాపు నిబంధనలు అమ్మకం జరిగే చోట్లకే పరిమితం. 1960 జంతు క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ ఇరుకు బోనునూ పొట్టి గొలుసునూ నేరమే అంటుంది, మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ యాభైకి ఇవాళ ఒక లాబ్రడార్‌కు పూట తిండి రాదు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో ఐదేళ్ల దాకా శిక్ష ఉంది, కానీ అది తెలిసి, కావాలని చేసిన హానికి. మే నెల మధ్యాహ్నం ఫ్యాను ఆగి కుక్క చచ్చిపోతే కావాలని చేశారని ఎవరు రుజువు చేస్తారు? యజమానికి మిగిలేది వినియోగదారుల కమిషన్ మెట్లు ఎక్కడమే.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదని మా మనవి. బోర్డు దగ్గర నమోదు, కార్పొరేషన్ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు రెండూ ఇప్పటికే మీ చేతుల్లో ఉన్నాయి. లైసెన్సుకు ఒక షరతుల కాగితం జతచేస్తే పని మొదలవుతుంది. ఆ కాగితంలో ఏం ఉండాలో, ఎందుకుండాలో కింద చెబుతున్నాం.

తనిఖీ అనగానే టేపు తీసి బోను కొలవడం అలవాటు. కొలవండి, తప్పులేదు. లాబ్రడార్ అంత కుక్కకు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు తగ్గకూడదు. కాళ్లు చాపి పక్కకు పడుకుంటే ముక్కూ తోకా గోడకు తగలకూడదు, నిలబడితే తల పైకప్పుకు ఆనకూడదు. నేల ఇనుప జాలీ అయితే సగం భాగమైనా చెక్క పలక వెయ్యాలి, లేకపోతే కాళ్లు జాలీలో ఇరుక్కుని గోళ్లు ఊడతాయి. కొలతల సంగతి ఇంతే. పెద్ద పాలరాయి హాలు ఉన్న చోట కూడా కుక్కలు చచ్చిపోతాయి, చిన్న ఇంట్లో క్షేమంగా ఉంటాయి. తేడా అంతా మనిషి అక్కడ ఉన్న గంటల్లో ఉంది.

కాబట్టి లైసెన్సు ఇచ్చే అధికారి అడగవలసిన మొదటి ప్రశ్న: రాత్రి పది నుంచి పొద్దున్న ఏడు దాకా ఇక్కడ ఎవరుంటారు?

ఆలస్యంగా అన్నం పెట్టి, షట్టరు దించి, తాళం వేసి, తెల్లారాక తీయడం మామూలైపోయింది. ఆ తొమ్మిది గంటల్లో జరగగలవాటిలో అన్నిటికన్నా ఘోరమైనది కడుపు మెలిపడటం. జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో కడుపు గాలితో ఉబ్బి తనలో తాను తిరిగిపోతుంది. రోజుకు ఒకేసారి కడుపునిండా పెట్టడం, గబగబా మింగడం, తిన్న వెంటనే గెంతడం ముప్పును పెంచుతాయి. మొదట కుక్క కుదురుగా పడుకోదు. లేస్తుంది, తిరుగుతుంది, పొట్ట వైపు చూసుకుంటుంది. పక్కటెముకల వెనక పొట్ట డోలులా బిగుస్తుంది. వాంతికి మళ్లీ మళ్లీ లాగుతుంది గానీ నురగ తప్ప ఏమీ రాదు. ఆ వట్టి వాంతే అసలు గుర్తు. అక్కడి నుంచి ఆపరేషన్ బల్ల దాకా చేతిలో ఉండేది కొద్ది గంటలే, భువనేశ్వర్ వెళ్లాలంటే అందులో మూడు గంటలు దారికే పోతాయి. ఒంటిగంటకు చూసినవాడు ఏదైనా చేయగలడు. ఏడింటికి తాళం తీసినవాడు ఫోను చేయడం తప్ప ఏం చేస్తాడు?

అలాంటిదే గొలుసు. బోనులో ఉన్న కుక్కకు కూడా "జాగ్రత్త కోసం" గొలుసు వేసి ఉంచుతారు. అది అడ్డగోడ మీదకు ఎగిరితే అవతలి వైపు కాళ్లు నేలకు అందకుండా వేలాడిపోతుంది. చోక్ చైన్ అయితే బోను చువ్వకు తగులుకుని, లాగిన కొద్దీ బిగుస్తుంది. బోనులోకి వెళ్లాక మెడపట్టా, గొలుసు, ఛాతీకి కట్టే హార్నెస్ అన్నీ తీసి తలుపు బయట కొక్కేనికి తగిలించాలి. గుర్తింపుకు తలుపు మీద కార్డు చాలు. నాలుగైదు కుక్కలను కలిపి ఆడించే డే కేర్‌లో కూడా చోక్ చైన్ ఉండకూడదు. ఆటలో ఒకదాని కింది దవడ ఇంకొకదాని గొలుసులో ఇరుక్కుంటుంది, రెండూ భయపడి మెలితిరుగుతాయి, ఒకటి ఊపిరాడక పోతుంది, ఇంకొకదాని దవడ విరుగుతుంది. అలాంటప్పుడు గొలుసు కోయడానికి బోల్టు కట్టర్ గోడకు వేలాడదీసి ఉండాలి. దాని ఖరీదు ఒక కుక్క రెండు మూడు రోజుల అద్దెకు మించదు.

అందుకని మేము అడిగే షరతు ఇది. కుక్కలు ఉన్న ప్రతి రాత్రీ, వాటి అరుపు వినబడే దూరంలో వయసొచ్చిన మనిషి ఒకరు పడుకోవాలి. ఒంటిగంటకూ నాలుగింటికీ టార్చితో తిరిగి, ప్రతి బోను ముందు ఆగి, పుస్తకంలో టైము రాసి సంతకం పెట్టాలి. సీసీ కెమెరా ఉంది కదా అంటారు. కెమెరా చూసే మనిషి ఇంట్లో నిద్రపోతుంటే అది మర్నాడు చావును చూపించడానికి మాత్రమే పనికొస్తుంది. తిండి రోజుకు రెండుసార్లు, సాయంత్రం తిండి ఏడు లోపల, తిన్నాక గంటసేపు కదలనివ్వకూడదు.

ఇక ఎండ. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ, నాలుక మీది తడి ఆవిరైతేనే ఒంట్లో వేడి దిగుతుంది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ కావడంతో ఆ తడి సరిగా ఆవిరి కాదు. అందుకే ఇక్కడ 34 డిగ్రీలు కూడా ప్రమాదమే. ఫ్యాను తిరుగుతోంది కదా అని మనిషి ఊరట పొందుతాడు, చెమట లేని కుక్కకు ఆ గాలి వల్ల వచ్చే చల్లదనం చాలా తక్కువ. ఒంటిని తడిపి ఫ్యాను వేస్తేనే ఉపయోగం. అమెరికా వ్యవసాయ శాఖ నిబంధనల్లో కుక్కలుండే గది వరసగా 4 గంటలకు మించి 29.5 డిగ్రీలు దాటి ఉండకూడదని ఉంది. ఆ గీత మన ఊళ్లో పెడితే వేసవిలో ఏసీ లేని కేంద్రాలన్నీ మూతపడాలి, లేదా అందరూ అబద్ధం రాయాలి. కాబట్టి 32 డిగ్రీలు పెట్టండి. అది దాటితే బయట ఆట ఆపాలి, ఒళ్లు తడపాలి, గంటకోసారి నీళ్లు మార్చాలి. పగ్, షిట్జు, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులను ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏసీ గది లేని చోట తీసుకోనే కూడదు. వాటి గొంతు నిర్మాణమే రొప్పడానికి అడ్డం.

ఉష్ణోగ్రతనూ తేమనూ కలిపి చూపే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దాన్ని మనిషి తల ఎత్తులో, గుమ్మం పక్కన పెడితే ఏం లాభం? బోను లోపల, పడుకున్న కుక్క వీపు ఎత్తులో ఉండాలి. రేకుల షెడ్డు అయితే రేకు కింద థర్మాకోల్ సీలింగు, పైన తెల్ల సున్నం పూత తప్పనిసరి చేయాలి. మేడ మీద రేకుల షెడ్డుకు మాత్రం వేసవిలో అసలు అనుమతి ఇవ్వకండి. కింది స్లాబు రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది.

వడదెబ్బ తగిలిన కుక్కకు ఏం చేయాలో అక్కడ పనిచేసే ప్రతి మనిషికీ నోటికి రావాలి. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 104 దాటితే అత్యవసరం, 106 దాటితే మూత్రపిండాలు, పేగులు, మెదడు దెబ్బతింటాయి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆటో పిలవాలి. కుళాయి నీళ్లు పొట్ట కింద, తొడల మధ్య, పాదాల మీద ధారగా పోస్తూ ఫ్యాను వెయ్యాలి. తడి తువాలు కప్పి వదిలేస్తే అది కాసేపటికి వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. థర్మామీటరులో 103.5 చూపగానే నీళ్లు ఆపేయాలి, లేకపోతే వేడి దిగజారిపోతుంది. ప్రథమ చికిత్స పెట్టెలో మల ద్వారంలో పెట్టే థర్మామీటరు లేని కేంద్రానికి లైసెన్సు ఎందుకివ్వాలి?

కరెంటు గురించి వేరే చెప్పాలి, దానితోపాటే తుపాను గురించీ. బోర్డింగులు నిండిపోయే దసరా రోజులూ, మన తీరానికి తుపాన్లు వచ్చే రోజులూ ఒకటే. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది. రెండూ నవరాత్రుల్లోనే. యజమాని హైదరాబాదులో, ఫోను టవర్లు పడిపోయి, కరెంటు లేదు, మోటారు తిరగదు, ట్యాంకులో నీళ్లు లేవు. 20 కుక్కలున్న చోట తాగడానికి మాత్రమే కుక్కకు రోజుకు 2 లీటర్ల లెక్కన మూడు రోజులకు 120 లీటర్లు కావాలి. ఆ నీళ్లు డ్రమ్ముల్లో పట్టి ఉంచారా లేదా అన్నది అక్టోబరు మొదటి వారంలో వచ్చి చూడవలసిన సంగతి. ప్రతి కుక్కకూ దాని పేరు రాసిన తాడు, మోయగలిగే పెట్టె, మూడు రోజుల తిండి ఉండాలి. షెడ్డు ఎగిరిపోతే ఏ పక్కా భవనంలోకి తరలిస్తారో ముందే ఆ భవనం వాళ్ల సంతకంతో రాయించి పెట్టుకోవాలి. తుపాను హెచ్చరిక రాగానే కొత్త కుక్కలను చేర్చుకోవడం ఆపేయాలి. ఆ రోజే అందరూ తెచ్చి దింపాలని చూస్తారు గనక ఈ మాట షరతుల్లో రాసి ఉంటేనే నడిపేవాడు కాదనగలడు. మామూలు రోజులకు కూడా ఫ్యాన్లన్నీ నాలుగు గంటలు నడిపే ఇన్వర్టరు ఉండాలి. ఆ ఇన్వర్టరు బ్యాటరీ కుక్కలున్న గదిలో పెట్టకూడదు.

చేర్చుకునేటప్పుడే మరో విషయం రాయించుకోవాలి: యజమాని ఫోనుకు అందకపోతే ఎంత ఖర్చు దాకా వైద్యం చేయించవచ్చు, ఏ పశువైద్యుడి దగ్గర. ఈ ఒక్క వాక్యం లేక "అయ్యగారు ఫోను ఎత్తేదాకా చూద్దాం" అంటూ చేతిలో ఉన్న గంటలు పోగొట్టుకుంటారు.

జబ్బుల దగ్గరకు వస్తే, టీకా కార్డు అడిగే కేంద్రాలు కొన్ని ఉన్నాయి, చదివే కేంద్రాలు తక్కువ. చదవడమంటే ఇది. సీసా మీది స్టిక్కరు అతికించి ఉందా, బ్యాచి నంబరు కనబడుతోందా, డాక్టరు సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉందా. మూడేళ్ల టీకాలు ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసిన కార్డు మీద అనుమానం రావాలి. రేబిస్ టీకా ఏడాది లోపలిదై ఉండాలి. మొదటిసారి వేయించినదైతే నెల రోజులు గడిచి ఉండాలి. డిస్టెంపర్, పార్వో అనే అంటుజబ్బుల కలగలుపు టీకా వేసి కనీసం రెండు వారాలు కావాలి. చేర్చే రోజు పొద్దున్న సూది వేయించి, అదే ఆటోలో తెచ్చిన కుక్కకు ఆ రోజు రక్షణేమీ లేదు. కలగలుపు టీకాలో లెప్టో ఉందో లేదో కూడా చూడాలి. ఎలుకలు మూత్రం పోసిన నీళ్ల వల్ల వచ్చే జబ్బు అది, మనుషులకూ అంటుతుంది, వానాకాలంలో ఎక్కువ. తిండి గోతాలు మూత లేకుండా ఉంటే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. మూత బిగించే డ్రములు ఉన్నాయో లేదో చూస్తే సగం పరిశుభ్రత తెలిసిపోతుంది. నాలుగు నెలలు నిండని పిల్లలను గుంపులోకి వదలకూడదు. ఇచ్ఛాపురంలో ఆంధ్ర డాక్టరు ఇచ్చిన కార్డు ఇక్కడ చెల్లదని తిప్పిపంపే గొడవ లేకుండా, రెండు రాష్ట్రాల కార్డులూ చెల్లుతాయని షరతుల్లో స్పష్టంగా రాయండి.

కేంద్రంలో కుక్క మనిషిని కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఎంకేసీజీ ఆసుపత్రికో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో అదే రోజు పంపాలి. టీకా కార్డు ఉన్నా సరే కుక్కను 10 రోజులు గమనించాలి. ఈలోగా యజమాని వచ్చి తీసుకెళ్తే చిరునామా, ఫోను తీసుకుని పదో రోజు దాకా కబురు కనుక్కోవాలి.

శుభ్రత అంటే ఫినాయిల్ వాసన అని మన జనానికి ఒక నమ్మకం. గుమ్మంలో ఆ వాసన తగలగానే యజమాని సంతోషంగా కుక్కను అప్పజెప్పి వెళ్తాడు. పార్వో వైరస్ ఫినాయిల్‌కు చావదు. స్పిరిటుకూ చావదు. నీడలో, పగుళ్లలో నెలల తరబడి బతికి ఉంటుంది. దాన్ని చంపేది క్లోరిన్. మనకు కిరాణా కొట్టులో దొరికే బ్లీచింగ్ పౌడరులో కొత్తదైతే సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటుంది. 10 లీటర్ల బకెట్టుకు 70 గ్రాములు కలిపితే తగిన గాఢత వస్తుంది. గోతం మూతి తెరిచి వదిలేస్తే మన తేమకు కొన్ని వారాల్లో దాని శక్తి పోతుంది, అప్పుడు ఎంత కలిపినా తెల్లనీళ్లే. కలిపిన నీళ్లు కూడా ఏ రోజువి ఆ రోజే వాడాలి.

వరస ముఖ్యం. మొదట పెంట ఎత్తాలి, సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి, ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్లు పోసి 10 నిమిషాలు ఉంచాలి, మళ్లీ కడిగి ఆరనివ్వాలి. మురికి మీద నేరుగా పోస్తే క్లోరిన్ అంతా మురికితోనే ఖర్చయిపోతుంది. ఈ పని చేసేటప్పుడు కుక్కలు బయట ఉండాలి. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో బ్లీచింగ్ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. నిలవ మూత్రం మీద పోసినా కళ్లు మండే గాలి వస్తుంది, పనివాళ్లు స్పృహ తప్పగలరు. చీపురు పిల్లల గదిలో మొదలై, పెద్ద కుక్కల గదికి వెళ్లి, జబ్బు కుక్క గదిలో ఆగాలి. ఆ జబ్బు గదికి చీపురు, బకెట్టు, చెప్పులు వేరే ఉండాలి, రంగు వేసి గుర్తు పెట్టాలి.

గోమార్ల (పిడుదుల) సంగతి యజమానులకూ కేంద్రాలకూ మధ్య తగవులు పెడుతోంది. కుక్క గోమారి ఇంట్లోనే, గోడ పగుళ్లలోనే గుడ్లు పెట్టి పెరుగుతుంది, గోడ పట్టుకుని పైకి పాకుతుంది. ఒక ఆడ గోమారి వేలల్లో గుడ్లు పెడుతుంది. కేంద్రంలో అది కుట్టిన కుక్కకు జ్వరం 8 నుంచి 20 రోజుల తర్వాత వస్తుంది, అప్పటికి అది ఇంట్లో ఉంటుంది. ముక్కు నుంచి రక్తం కారేదాకా ఎవరికీ అనుమానం రాదు, వచ్చాక "మా దగ్గర బాగానే ఉంది, ఫొటో చూడండి" అంటారు. కాబట్టి గోడలు కప్పు దాకా పగుళ్లు లేకుండా ప్లాస్టరింగు చేసి ఉండాలి. చేర్చే రోజునే చెవి లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టా కింద చూసి పుస్తకంలో రాయాలి. గోమారి జ్వరం ఒక కుక్కకు తేలిందంటే గడిచిన నెలలో ఉన్న కుక్కల యజమానులందరికీ ఫోను చేయాలి. గోడలకు మందు కొట్టేటప్పుడు గది ఖాళీగా ఉండాలి. గోమార్లను చంపే అమిట్రాజ్ ద్రావణాన్ని "గట్టిగా పనిచేస్తుందని" చిక్కగా కలిపి ఒంటికి పూస్తే గుండె వేగం పడిపోతుంది, కుక్క మత్తుగా తూలుతుంది. సీసా మీది కొలత ఉన్నది అందుకే.

పగటి డే కేర్‌లో పది కుక్కలకు ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. చిన్న కుక్కలను, 10 కిలోల లోపు వాటిని, పెద్దవాటితో కలపకూడదు. సరదాకు మొదలైన పరుగు వేటగా మారడానికి క్షణం చాలు. ఆటస్థలంలో ఎముక, బంతి, తిండి గిన్నె ఏదీ ఉండకూడదు, సగం కొట్లాటలు వాటి కోసమే. కొత్త కుక్కను ఒక్కొక్కదానితోనే పరిచయం చేయాలి. మధ్యాహ్నం రెండు గంటలు ఎవరి బోనులో వాటిని పడుకోనివ్వాలి, అలసిపోయిన కుక్కే ఎక్కువ కరుస్తుంది. బయటికి వెళ్లే చోట రెండు గేట్లు, మధ్యలో మనిషి నిలబడే జాగా ఉండాలి. ఎదకు వచ్చిన ఆడకుక్కను తీసుకోకపోవడమే మేలు. కొట్లాట విడదీయడానికి మెడ దగ్గర చెయ్యి పెట్టకుండా మధ్యలోకి దించే ప్లైవుడ్ పలక ఒకటి, నీళ్ల గొట్టం ఒకటి అందుబాటులో ఉండాలి.

మందులు మరీ ముఖ్యం. పశువైద్యుడి చీటీ, యజమాని రాతపూర్వక అనుమతి రెండూ లేకుండా ఒక్క మాత్ర కూడా వేయకూడదు. ఒళ్లు వెచ్చగా ఉందని మనుషుల నొప్పి మాత్రలు వేస్తారు. ఇబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలు పాడుచేస్తుంది. దీపావళి టపాసులప్పుడు, ఠాకురాణీ యాత్ర మైకులప్పుడు అరవకుండా మత్తుమందు ఇచ్చే అలవాటూ ఉంది. వాటిలో కొన్ని ఒంటిని కదలనివ్వవు గానీ భయాన్ని తగ్గించవు. కుక్క పడుకున్నట్టే కనబడుతుంది, లోపల వణుకుతూ ఉంటుంది. మత్తులో ఒంటి వేడి కూడా అదుపు తప్పుతుంది.

తిండి ఇంటి నుంచి తెచ్చినదే పెట్టాలి. పెరుగన్నం తినే కుక్కకు ఉన్నట్టుండి ప్యాకెట్ తిండి పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. చేర్చిన రోజూ పంపే రోజూ బరువు తూచి ఇద్దరూ సంతకం పెట్టాలి. పది రోజుల్లో 20 కిలోల కుక్క 18కి దిగితే తినలేదని, లేదా పెట్టలేదని అర్థం. తనిఖీకి ఇంతకన్నా చవకైన సాధనం లేదు.

భాష గురించి ఒక మనవి. చేర్చుకునే ఫారం, షరతుల కాగితం, ప్రథమ చికిత్స సూచనల పట్టిక ఒడియాలో, తెలుగులో రెండింటిలోనూ ఉండాలి. యజమానుల్లో తెలుగువాళ్లు చాలామంది, పనివాళ్లలో ఒడియావాళ్లు చాలామంది. ఇంట్లో "కూర్చో, ఆగు, ఇలా రా" అని పెరిగిన కుక్కకు అవతలి మనిషి ఒడియాలో గదమాయిస్తే అర్థం కాక మొండికేస్తుంది, దాన్ని పొగరనుకుని కొడతారు. బోను తలుపు మీది కార్డులో కుక్కకు తెలిసిన నాలుగు మాటలు, దేనికి భయపడుతుంది, ఎక్కడ ముట్టుకుంటే కరుస్తుంది అన్నవి రాయించండి. పనివాళ్లకు నెలలోపే ఆ మాటలు వచ్చేస్తాయి.

ఇంట్లోనే రెండు మూడు కుక్కలను చూసుకునే ఆడవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. అక్కడ కుక్క సోఫా కింద పడుకుంటుంది, రాత్రి మనిషి పక్కనే ఉంటుంది. మా ఉద్దేశంలో చాలా పెద్ద కేంద్రాలకన్నా అదే క్షేమం. నాలుగు కుక్కల లోపు ఉన్న ఇంటికి నమోదు, టీకా పుస్తకం, బరువు పుస్తకం చాలు. పెద్ద కేంద్రానికి వేసిన ఫీజే వాళ్లకూ వేస్తే ఎవరూ నమోదు చేయించుకోరు, తలుపులు మూసుకుని నడుపుతారు. ఇంగ్లండులో 2018లో తెచ్చిన లైసెన్సు నిబంధనలు కెన్నెల్, ఇంటి బోర్డింగు, డే కేర్ మూడింటినీ విడివిడిగా చూస్తాయి, ఒక్కోదానికి షరతులు వేరు, తనిఖీలో వచ్చిన మార్కులను బట్టి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తాయి. ఆ విడదీయడం మనకూ పనికొస్తుంది. నక్షత్రాల సంగతి తర్వాత చూద్దాం, ముందు రాత్రి కాపలా కుదరనివ్వండి.

కుక్క చచ్చిపోతే దాచేయడం ఇప్పుడు చాలా తేలిక. "పారిపోయింది" అంటే సరిపోతుంది. చావు ఏదైనా, కారణం ఏదైనా, 24 గంటల్లో ప్రభుత్వ పశువైద్యాధికారికి తెలపాలన్న షరతు పెట్టండి. యజమాని కోరితే పోస్టుమార్టం ఖర్చు కేంద్రానిదే. మన వేడికి శవం కొద్ది గంటల్లోనే పాడవుతుంది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి చుట్టూ మంచు పోసి ఉంచాలి, గడ్డకట్టించకూడదు, గడ్డకడితే కణజాలం చెదిరి పరీక్షకు పనికిరాదు.

తనిఖీకి చెప్పి వస్తే ప్రయోజనం లేదు. ఏడాదికి మూడుసార్లు రండి: మే నెలలో మధ్యాహ్నం రెండింటికి, నవరాత్రుల్లో ఒకసారి, ఏదో ఒక రాత్రి పదకొండింటికి. లోపలికి వెళ్లగానే బోను ముందు గొంతుకూర్చోండి. నిలబడితే తెలియని మూత్రం ఘాటు ఆ ఎత్తులో కళ్లకు తగులుతుంది. నీళ్ల గిన్నె లోపల వేలితో రుద్ది చూడండి, జిగురుగా ఉంటే అది రోజూ కడిగే గిన్నె కాదు. మోచేతుల దగ్గర పుండ్లు, అరిగిన గోళ్లు, బోను చువ్వలు కొరికి విరిగిన పళ్లు చూడండి. పుస్తకంలో రాత్రి ఒంటిగంట, నాలుగు గంటల సంతకాలు ఒకే ఊపులో, వారం రోజులవి వరసగా ఒకేలా ఉంటే ఆ పుస్తకం ఆ ఉదయమే రాశారన్నమాట.

ఈ షరతులను ఈ దసరాకు ముందే ట్రేడ్ లైసెన్సుతో జతచేసి, నమోదైన కేంద్రాల జాబితాను కార్పొరేషన్ కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టించమని కోరుతున్నాం. రాత్రి పుస్తకం, బరువు పుస్తకం, చేర్చుకునే ఫారం నమూనాలు ఒడియా, తెలుగు రెండింటిలో తయారుచేసి ఈ లేఖకు జతపరిచాం. తనిఖీకి వచ్చే సిబ్బందికి ఒక పూట శిక్షణ ఇవ్వడానికి, మొదటి తనిఖీ మా కేంద్రాల్లోనే చేయించుకోవడానికి మేము సిద్ధం.

ఇట్లు,
బరంపురం పరిసరాల్లో కుక్కల వైద్యం, శిక్షణ, సంరక్షణ పనుల్లో ఉన్న తెలుగువాళ్లం